రేషన్ కార్డు చేతికొచ్చింది, దవాఖాన ఫైలు ఎక్కడ?

తిరుమలగిరి నుంచి హైదరాబాద్ దాకా తెగిపోతున్న వైద్య రికార్డులు. ఒక టేబుల్, ఒక స్కానర్, ఒక బాధ్యత గల మనిషి లేకపోవడం వల్ల పేద ఇళ్లకు జరుగుతున్న నష్టం

2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్త రేషన్ కార్డుల పంపిణీని ప్రారంభించారు. పెళ్లై వేరు కాపురం పెట్టినవాళ్లు, పిల్లల పేర్లు ఎక్కక తిరిగినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన కార్డు అది. కార్డు అనగానే ముందు గుర్తొచ్చేది సన్నబియ్యం. కానీ అదే కార్డు మీద ఇంకో పెద్ద మొత్తం ఆధారపడి ఉంది. ఏడాదికి ఒక కుటుంబానికి 10 లక్షల రూపాయల దాకా ఆరోగ్యశ్రీ వైద్యం. 5 లక్షలుగా ఉన్న ఈ పరిమితిని 2023 డిసెంబర్ 9న 10 లక్షలు చేశారు.

డబ్బు సంగతి కార్డు చూసుకుంటుంది. మరి రోగం సంగతి? రోగికి ఇంతకుముందు ఏం జబ్బు, ఏ మందు పడదు, పోయిన ఆపరేషన్‌లో ఏం చేశారు, షుగర్ ఎప్పటి నుంచి ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వాల్సింది కార్డు కాదు, ఫైలు. ఆ ఫైలు చాలా ఇళ్లలో ఒక ప్లాస్టిక్ కవర్. అందులో నలిగిన చీటీలు, రంగు వెలిసిన ఈసీజీ కాగితం, ఎవరూ తెరవలేని ఒక సీడీ ఉంటాయి.

వ్యాపారం చేసే ఏ ఇంట్లోనైనా ఒక సంగతి తెలుసు. నిన్నటి నిల్వ తెలియకుండా ఇవాళ్టి ఖాతా ఎవరూ రాయరు. దవాఖానలో మాత్రం రోజూ అదే జరుగుతోంది. ప్రతి డాక్టరు కొత్త పేజీ తెరుస్తాడు, పాత నిల్వ ఎవరికీ తెలియదు. టెస్టులు మళ్లీ చేయిస్తారు, డబ్బు మళ్లీ పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆలస్యం అవుతుంది.

మూడు తిరుమలగిరులు, ఒక పేరుకు నాలుగు స్పెల్లింగులు

రికార్డులో తప్పు ఎక్కడ పుడుతుందో ఈ ఊరి పేరే చెబుతుంది. సూర్యాపేట జిల్లాలో ఒక తిరుమలగిరి ఉంది. నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి (సాగర్) మండలం ఉంది. హైదరాబాద్ కంటోన్మెంట్ దగ్గర ఇంకో తిరుమలగిరి ఉంది. దానిపైన 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజన జరిగింది. అంతకుముందు సూర్యాపేట వైపు తిరుమలగిరి కూడా నల్లగొండ జిల్లానే. అప్పటి ఆధార్ అడ్రసులో నల్లగొండ ఉంటుంది, కొత్త కార్డులో సూర్యాపేట ఉంటుంది. మనిషి ఇల్లు మారలేదు, కాగితం మీద జిల్లా మారింది.

ముస్లిం ఇళ్లలో ఈ చిక్కు ఇంకో మెట్టు పైకి పోతుంది. ‘షేక్’ అనే ఒక్క మాటను ఇంగ్లిష్‌లో ఒక ఆఫీసులో ఎస్-హెచ్-ఏ-ఐ-కె అని కొడతారు, ఇంకో ఆఫీసులో ఎస్-హెచ్-ఈ-ఐ-కె-హెచ్ అని కొడతారు. ఒక కాగితంలో ‘మహమ్మద్’ పూర్తిగా ఉంటుంది, ఇంకో దాంట్లో ‘ఎండీ’ అని రెండక్షరాలే ఉంటాయి. ఆడవాళ్ల పేర్లలో పెళ్లికి ముందు ‘బీ’, తర్వాత ‘బేగం’. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి సర్టిఫికెట్‌లో ఇంకొకటి. ఉర్దూలో రాస్తే ఒకటే పేరు. తెలుగులోకి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి నలుగురు మనుషులైపోతారు.

మామూలు రోజుల్లో దీనితో ఇబ్బంది తెలియదు. స్టంట్ వేయాలి, డయాలసిస్ మొదలుపెట్టాలి అన్న రోజు తెలుస్తుంది. ఆరోగ్యశ్రీలో చికిత్సకు ముందే అనుమతి తీసుకోవాలి. ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర కార్డు, ఆధార్, వైద్య కాగితాలు చూసి వివరాలు ఎక్కిస్తారు. పేరు, వయసు, తండ్రి పేరు ఒకదానికొకటి కలవకపోతే అక్కడే ప్రశ్న వస్తుంది. రోగి బెడ్ మీద ఉంటాడు, కొడుకు మీసేవ దగ్గర లైన్‌లో ఉంటాడు.

కొత్త రేషన్ కార్డు వచ్చిన ప్రతి ఇల్లూ అందుకే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కార్డులో ఉన్న ప్రతి పేరును ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోవాలి. తేడా ఉంటే ఆరోగ్యం బాగున్నప్పుడే సరిచేయించుకోవాలి.

‘ఆభా’ అంటే ఏంటి, ఏది కాదు

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. అందులో భాగంగా ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. ఈ నంబరు చుట్టూ అపార్థాలు చాలా ఉన్నాయి. ఆభా అంటే ఉచిత వైద్యం కార్డు కాదు. దాంతో ఒక్క రూపాయి బిల్లు కూడా తగ్గదు. అది ఒక ఖాతా నంబరు. రోగి వెళ్లిన ఆస్పత్రులు, ల్యాబులు ఆ నంబరుకు రికార్డులను జోడిస్తే, రోగి ఒప్పుకున్నప్పుడు వేరే డాక్టరు వాటిని చూడగలడు. ఆభా తీసుకోవడం స్వచ్ఛందం. ఒప్పుకోలు ఇచ్చే హక్కు, దాన్ని వెనక్కి తీసుకునే హక్కు రెండూ రోగివే.

లెక్క బాగానే ఉంది. కానీ ఖాతా తెరిచినంత మాత్రాన అందులో జమ పడదు. ఆస్పత్రి తన కంప్యూటర్ నుంచి డిశ్చార్జ్ సమ్మరీ ఎక్కించాలి, ల్యాబ్ రిపోర్టు జోడించాలి. చిన్న పట్టణంలో చేతిరాత చీటీ మీద నడిచే క్లినిక్‌లో ఆ పని ఎవరు చేస్తారు? అక్కడ చాలామంది ఆభా నంబర్లు ఖాళీ పాస్‌బుక్కుల్లాంటివే.

ఇంకో చిక్కు ఫోన్ నంబరు. ఆధార్‌తో ఆభా తెరిస్తే ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో తల్లి ఆధార్‌కు కొడుకు నంబరు ఉంటుంది. కొడుకు దమ్మామ్‌లో డ్యూటీలో ఉంటాడు. ఇక్కడ ఓపీ కౌంటర్ దగ్గర అమ్మీ ఓటీపీ కోసం చూస్తూ ఉంటుంది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలోనూ ఇదే సమస్య. 2018లో మొదలైన ఈ పథకంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే పెద్ద ల్యాబులో పరీక్ష చేసి ఫలితాన్ని ఫోన్‌కు పంపుతారు. మంచి ఏర్పాటే. అయితే ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. ఇంట్లో ఉండేవాళ్ల నంబరు ఒకటి ఆధార్‌కు, దవాఖాన రిజిస్టర్‌కు ఇప్పించడం చిన్న పనే, కానీ చాలా ఇళ్లలో అది కూడా జరగలేదు.

పథకాలు ఎన్నో, ఫైలు ఒక్కటీ కాలేదు

తెలంగాణలో అందరి ఆరోగ్య వివరాలు ఒకచోట చేర్చే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 2022 మార్చి 5న ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఈ-హెల్త్ ప్రొఫైల్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూసి, రక్త నమూనాలు తీసి వివరాలు ఎక్కించారు. ప్రభుత్వం మారాక 2024 అక్టోబర్ 3న ఫ్యామిలీ డిజిటల్ కార్డు సర్వే మొదలైంది. 119 నియోజకవర్గాల్లో రెండేసి చొప్పున 238 ప్రాంతాలు ఎంచుకున్నారు. రేషన్, ఆరోగ్యం, ఇతర పథకాలన్నీ ఒకే కార్డు కిందకు తెస్తామని, ఇంటి ఆడమనిషిని యజమానిగా రాస్తామని చెప్పారు.

వీటితో పాటు ఊళ్లో ఆశా దగ్గర రిజిస్టర్ ఉంటుంది. ఏఎన్ఎం దగ్గర ట్యాబ్ ఉంటుంది. గర్భిణికి తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఉంటుంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్, క్యాన్సర్ లక్షణాలు అడిగే ఫారం వేరే ఉంటుంది. ఆరోగ్యశ్రీకి దాని సొంత ఆన్‌లైన్ రికార్డు. ప్రైవేటు ఆస్పత్రికి దాని సాఫ్ట్‌వేర్. ఒకే మనిషి వివరాలు ఇన్ని చోట్ల ఉన్నాయి. ఏదీ రెండోదాంతో మాట్లాడదు. రాసేవాళ్లకు కూడా ఇది భారమే. ఒకే వివరం పుస్తకంలో ఒకసారి, ట్యాబ్‌లో ఒకసారి రాయాలి. రెండుసార్లు రాసిన చోట రెండు రకాల తప్పులు పడతాయి.

తిరుమలగిరి సూర్యాపేట–జనగామ రోడ్డు మీద ఉంది. జబ్బు ముదిరితే ఒకరు సూర్యాపేటకు, ఒకరు జనగామకు, ఇంకొకరు వరంగల్ ఎంజీఎంకు, చివరికి హైదరాబాద్‌లో నిమ్స్‌కో ఉస్మానియాకో పోతారు. సాగర్ వైపు తిరుమలగిరివాళ్లు నాగార్జునసాగర్, మిర్యాలగూడ, నల్లగొండ తిరుగుతారు. దారి పొడుగునా ప్రతి మజిలీలో ఒక కొత్త ఓపీ చీటీ. ఈ చీటీలన్నిటినీ కలిపి మోసేది రోగి ఇంటివాళ్లే.

అసలు ‘ఆఫీసు’ జిరాక్స్ షాపే

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ పెద్ద ఉద్యోగ రంగం. అమెరికా రోగుల రికార్డులను ఇక్కడి యువత చదివి, ప్రతి జబ్బుకూ చికిత్సకూ కోడ్ వేసి పంపుతారు. అక్కడి బీమా బిల్లులు దాని మీదే నడుస్తాయి. ఆ రికార్డులను సర్దడానికి ఈ నగరంలో వేల మంది పని చేస్తుంటే, నూట యాభై కిలోమీటర్ల లోపల ఉన్న మండల కేంద్రంలో సొంత మనిషి రిపోర్టు సర్దిపెట్టే టేబుల్ ఒకటి కనబడదు. ఆ పని జిరాక్స్ షాపుల మీద, మీసేవ కేంద్రాల మీద పడింది.

షాపువాళ్ల తప్పేమీ లేదు. అడిగింది చేసి పెడతారు. కానీ అక్కడ జరుగుతున్నది చూస్తే భయం వేస్తుంది. రిపోర్టు ఫొటో షాపు వాట్సాప్‌కు పోతుంది, అక్కడి నుంచి ప్రింట్ వస్తుంది, ఫొటో మాత్రం ఆ ఫోన్‌లో ఉండిపోతుంది. ఒక ఆడపిల్ల స్కానింగ్, ఒక వ్యక్తి టీబీ రిపోర్టు, ఇంకొకరి మానసిక వైద్యం చీటీ ఊరందరూ వచ్చిపోయే షాపు కంప్యూటర్‌లో, డెస్క్‌టాప్ మీద పడి ఉంటాయి. సంబంధాలు చూసుకునే చిన్న ఊళ్లో ఒక్క కాగితం బయటికొస్తే పోయే పరువుకు వెల కట్టలేం.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు తర్వాత ఆస్పత్రులు, ల్యాబులు రోగి సమాచారాన్ని ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, దాన్ని కాపాడాలి, బయటికి పొక్కితే తెలియజేయాలి. పెద్ద ఆస్పత్రులు లాయర్లను పెట్టుకుని సిద్ధమవుతాయి. మండల కేంద్రంలో అందుకు సిద్ధమవ్వాలంటే ముందు సామాను కావాలి.

టేబుల్ మీద ఏముండాలి

సామాను అంటే కోట్ల మాట కాదు. ఒక చిన్న గది సరిపోతుంది. పనికొచ్చేవి ఇవి:

ఒక కంప్యూటర్, పాస్‌వర్డ్ పెట్టి, ఆ పనికి తప్ప వేరే పనికి వాడకుండా. ప్రింటర్, స్కానర్, కాపీ మూడూ చేసే ఒక మిషన్. స్కానర్ మాత్రం కాగితాన్ని పరిచి పెట్టే రకం కావాలి, నలిగిన చీటీలు లాక్కునే మిషన్‌లో చిరుగుతాయి. కరెంటు పోతే ఎక్కించింది పోకుండా ఒక యూపీఎస్. సీడీ చదివే చిన్న డ్రైవ్, ఎందుకంటే ఎంఆర్ఐ, సీటీ స్కాన్లు సీడీల్లో ఇస్తుంటారు, కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే ఉండదు. తాళం ఉన్న ఇనుప బీరువా. ఎవరి కాగితం ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు రాసే ఒక రిజిస్టర్. అక్కర్లేని కాపీలను ముక్కలు చేసే మిషన్, లేదంటే కనీసం చేత్తో చించే అలవాటు.

వీటన్నిటికంటే ఖరీదైనది మనిషి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ చదవగలిగి, నోరు కట్టేసుకోగలిగిన మనిషి. ఆడవాళ్ల రిపోర్టులు చూడటానికి ఒక ఆడమనిషి కూడా ఉండాలి.

ఈ పని ప్రభుత్వ దవాఖానలోనే జరగాలన్నది మొదటి మాట. పల్లె దవాఖానలో, ఆరోగ్య కేంద్రంలో ట్యాబ్ ఇచ్చి ఊరుకుంటే చాలదు. ప్రింటరు, దానికి కాగితం, ఇంకు, రాసే మనిషి బడ్జెట్‌లో కనబడాలి. డిజిటల్ రికార్డులు జోడించే ఆస్పత్రులకు, ల్యాబులకు కేంద్రం 2023 జనవరి 1న ప్రోత్సాహక పథకం మొదలుపెట్టింది. ఆ డబ్బు పెద్ద సంఖ్యలో రికార్డులు ఎక్కించగలిగినవాళ్లకే ఎక్కువ ఉపయోగం. రోజుకు పదిమందిని చూసే క్లినిక్ ఆ లెక్కలో నిలబడదు.

స్వయం ఉపాధి దారి కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు రాజీవ్ యువ వికాసం కింద 2025లో దరఖాస్తులు తీసుకున్నారు. జూన్ 2న మొదలవ్వాల్సిన మంజూరు పత్రాల పంపిణీ వాయిదా పడింది. ఇలాంటి పథకాల్లో ఆటో, కిరాణా, టైలరింగ్ యూనిట్ల పక్కన ‘ఆరోగ్య రికార్డుల సేవా కేంద్రం’ కూడా ఒక యూనిట్‌గా ఎందుకు ఉండకూడదు? బీకాం చదివి ఖాళీగా ఉన్న అబ్బాయికో, అమ్మాయికో అది గౌరవంగా బతికే పని. మస్జిద్ కమిటీలు అంబులెన్స్‌కు, ఫ్రీజర్ బాక్సుకు చందా పోగుచేస్తాయి. మనిషి బతికున్నప్పుడు పనికొచ్చే ఒక స్కానర్‌కు కూడా అదే చందాలో చోటు దొరకాలి.

72 గంటలు, మూడేళ్లు

రెండు అంకెలు ప్రతి ఇంట్లో తెలియాలి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు. అడగడం నోటితో కాకుండా కాగితం మీద, తేదీ వేసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని అడగాలి. ప్రభుత్వ దవాఖానలో సమాచార హక్కు చట్టం కూడా చేతిలో ఉంది.

రెండో అంకె మూడు. ఇన్‌పేషెంట్ రికార్డును డాక్టరు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచితే సరిపోతుందని అవే నిబంధనలు చెబుతున్నాయి. అంటే నాలుగో ఏడు వెళ్లి అడిగితే ‘లేదు’ అనే జవాబు చట్టపరంగా తప్పు కాకపోవచ్చు. అప్పుడు మిగిలేది ఇంట్లో ఉన్న కాపీ ఒక్కటే. ఇంట్లో కూడా లేకపోతే ఆ ఆపరేషన్ జరిగిందనడానికి మచ్చ తప్ప సాక్ష్యం ఉండదు.

ఒక్క పేజీ రాసుకోవాలి

ఫైలు ఎంత లావున్నా, అర్ధరాత్రి క్యాజువాలిటీలో డాక్టరు చూసేది మొదటి పేజీ. ఆ పేజీ ముందే రాసి ఉండాలి. దీన్నే వైద్యంలో సంరక్షణ ప్రణాళిక అంటారు. ‘ఆలన’ లాంటి సేవల్లో మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లే సిబ్బందికి దీని విలువ బాగా తెలుసు.

అందులో రోగి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. పుట్టిన సంవత్సరం, బ్లడ్ గ్రూప్, ఉన్న జబ్బులు, ఎప్పటి నుంచి అన్నవి రావాలి. రోజూ వాడే మందుల పేర్లు, మోతాదు, పూటలు రాయాలి. ‘తెల్ల గోలీ’, ‘ఎర్ర గోలీ’ అంటే ఎవరికీ అర్థం కాదు. పడని మందు ఉంటే ఎర్ర పెన్నుతో రాయాలి. అయిన ఆపరేషన్లు, మళ్లీ వెళ్లాల్సిన తేదీ, ఏ లక్షణం కనబడితే వెంటనే పరిగెత్తాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఉండాలి. ఆశా, ఏఎన్ఎం, లేదా పల్లె దవాఖాన డాక్టరుతో ఒకసారి చూపించి సరిచేయించుకుంటే ఇంకా మంచిది.

షుగర్ ఉన్నవాళ్ల పేజీలో ఇంకో వరుస అవసరం, రంజాన్ వరుస. రోజా ఉండొచ్చా, ఉంటే ఇన్సులిన్ ఎంత, సహర్‌కు ఏ గోలీ, ఇఫ్తార్‌కు ఏ గోలీ, చక్కెర ఎంతకు పడిపోతే రోజా విరమించాలి? రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలామంది చాంద్ కనబడ్డాక అడుగుతారు. అడిగింది కూడా గుర్తుంచుకోరు. షాబాన్ నెల మొదలుకాకముందే అడిగి, రాయించుకుని పెట్టుకుంటే ఆ నెల ఇబాదత్‌లో గడుస్తుంది, ఎమర్జెన్సీ వార్డులో కాదు.

ఇంకో రెండు చిన్న జాగ్రత్తలు. ఈసీజీ, కొన్ని స్కాన్ ఫొటోలు వచ్చే మెరిసే కాగితం వేడికి, కాలానికి వెలిసిపోతుంది. వచ్చిన రోజే జిరాక్స్ తీసి పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్ములు మడతపెట్టొద్దు, పరుపు కింద పెట్టొద్దు.

జమ పడేదెప్పుడు

తిరుమలగిరి వేదిక మీద పంచిన కార్డు ఒక హామీ. ఆ హామీ ఆస్పత్రి బెడ్ దగ్గర నగదు కావాలంటే మధ్యలో పేరు సరిగ్గా ఉండాలి, రిపోర్టు దొరకాలి, దాన్ని చదివి ఎక్కించే మనిషి ఉండాలి. ప్రభుత్వం ఒకటి తర్వాత ఒకటి కొత్త కార్డు ప్రకటిస్తోంది. మధ్యలో ఉన్న ఆ టేబుల్‌ను మాత్రం ఇంతవరకూ ఎవరూ ప్రకటించలేదు.

ఈ మండలాల్లో ఎన్నికైన సర్పంచులను, వార్డు సభ్యులను, కౌన్సిలర్లను అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది. దవాఖానలో ప్రింటర్ పని చేస్తుందా? రోగి అడిగితే రికార్డు కాపీ ఎవరు ఇస్తారు, ఏ గదిలో? ఈ రెండింటికి జవాబు దొరికిన రోజు డిజిటల్ ఆరోగ్యం ఊరికి వచ్చినట్టు. అప్పటిదాకా అమ్మీ దగ్గరున్న ఆ ప్లాస్టిక్ కవరే ఇంటిల్లిపాదికీ హెల్త్ రికార్డు. ఈ జుమా రోజు నమాజ్ అయ్యాక ఒక గంట కూర్చుని, దాన్ని తేదీల వారీగా సర్ది, మీద ఒక పేజీ రాసి పెడితే, ఆ గంట ఎప్పుడో ఒక రాత్రి ఒక ప్రాణానికి పనికొస్తుంది.